ఎదురులంకకి తిప్పిన బాకాలు

మొన్న వట్లూరులో మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు, ఎక్కడ చూసినా తీగలే. మా మనవడు నేల మీద బోర్లా పడుకుని ఒక పాత స్టీరియో పెట్టె వెనక తల దూర్చి ఉన్నాడు. ఎవరో అమ్మేస్తుంటే కొన్నాడట ఆ పెట్టె. స్పీకర్లు ఇంకెవరి దగ్గరో కొన్నాడట. రెండూ వాడికంటే వయసులో పెద్దవే. తగిలిస్తే ఒక స్పీకరు గురక పెడుతోంది, రెండోది అసలు నోరు విప్పడం లేదు. "దేనికది బాగానే ఉంది మామ్మా, రెండూ కలిపితేనే పేచీ," అన్నాడు వాడు తుమ్ముతూ. పెట్టె వేడెక్కి లోపలి దుమ్ము కాలుతున్న వాసన గదంతా పట్టింది. ఆ వాసన తగిలేసరికి సోఫాలో కూలబడ్డాను. కోడలు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. బీపీ అనుకుంది పాపం. బీపీ లేదు, గీపీ లేదు. ఏలూరులో మా వీధిగదిని పట్టుకుని వదలని వాసన అది, ఇన్నాళ్ళకి మళ్ళీ ముక్కుకి తగిలింది, అంతే.

మా నాన్నగారు హరికథలు చెప్పేవారు. తివాచీలు నేసేవాళ్ళ వీధి వెనక సందులో మా పెంకుటిల్లు. ఆ ఇల్లంతా ఒక్క గొంతు చుట్టూ తిరిగేది. ఆయన చీకటుండగానే లేచి కాలవలో పీకల్లోతు దిగి సాధకం చేసేవారు. అవతలి గట్టు మీద పాలు పితికేవాళ్ళు ఆ గొంతు విని పొద్దు ఎంతైందో చెప్పేవారట. తడిపంచెతో ఇంటికి వచ్చేసరికి అమ్మ ఇత్తడి గ్లాసులో కాఫీ పోసి, మరీ వేడిగా ఉండకుండా చల్లార్చి, పీట పక్కన పెట్టేది. కథ ఉన్న వారంలో ఆవకాయ జాడీ మూత తియ్యకూడదు. ఇంగువ పోపు పెరట్లో వెయ్యాలి. పెరుగు పగలే తినాలి, అదీ పులిసి ఉండకూడదు. జలుబు చేసిన పిల్లల్ని ఆయన మంచం దరిదాపులకి రానిచ్చేవారు కాదు, తగ్గేదాకా మేనత్తగారింటికి తోలేసేవారు. జలుబంటే అదేదో నేరం అనుకుంటూ పెరిగాను నేను. అంత కాపలా కాసీ ఏం ప్రయోజనం? పోవలసింది పోయింది.

ఒక చలికాలం నాన్నగారికి టైఫాయిడు వచ్చింది. తగ్గి, పథ్యం తిని, లేచి తిరిగారు. గొంతు మాత్రం లేవలేదు. చెడిపోయిందంటే అదీ కాదు. పక్కన కూర్చుని వింటే అదే తియ్యదనం, అదే గమకం, పద్యం విరిచే చోట అదే విరుపు. కాస్త లేచి గుమ్మం దాకా వెళితే ఏమీ వినపడదు. గొంతు చెడలేదు, చిన్నదైపోయింది. అమ్మ చెయ్యని వైద్యం లేదు. మిరియాల కషాయం, అతిమధురం, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, తేనెలో అల్లం రసం, నాలుగు పూటలా ఉప్పునీళ్ళ పుక్కిలింత. ఆస్పత్రి డాక్టరుగారు నోట్లోకి లైటు వేసి చూసి, "మాట్లాడ్డానికి ఇబ్బంది లేదుగా, ఇంకేంటండీ?" అన్నారు. ఇంకేంటట! హరిదాసుని పట్టుకుని అడిగే మాటేనా అది! ఆ డాక్టరు మీద కోపం నాకు ఈ వయసులో కూడా పోలేదు.

సంగతి బయటికి పొక్కనివ్వలేదు మేము. ఎవరైనా కథకి పిలవడానికి వస్తే అమ్మ గుమ్మంలోనే, "ఒంట్లో నలతగా ఉందండీ, వచ్చే నెల చూద్దాం," అనేది. నాన్నగారు లోపల మంచం మీద ఊపిరి బిగబట్టి వినేవారు. నలత అంటే ఎవరికైనా వస్తుంది, దాసుగారికి గొంతు పోయిందంటే మాత్రం ఇంక ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. ఈ రహస్యం మా ఇంట్లో నలుగురం మోసేవాళ్ళం. నాన్నగారు, అమ్మ, నేను, మా చలపతి బాబాయి.

బాబాయి రైసుమిల్లులో ఇంజను చూసేవాడు. నాన్నగారి తమ్ముడు, పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య కథ చెబుతుంటే ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, విన్న కథే మళ్ళీ విని మళ్ళీ ఏడిచే మనిషి. ఒకనాడు బండి మీద ఒక ఇనప్పెట్టె, రెండు పెద్ద బాకాలు దింపించాడు. యుద్ధం అయిపోయాక తాడేపల్లిగూడెం విమానాల మైదానంలో మిలటరీ సామాను వేలం వేస్తే, చేతులు మారి మారి ఎక్కడో మూలన పడి ఉన్న ఆంప్లిఫయరు ఆ పెట్టె. బాకాలేమో మూతపడిన టూరింగు టాకీసువి. "ఇంక బెంగ లేదు అన్నయ్యా. నువ్వు గుసగుసగా చెప్పినా సరే, ఇది ఊరంతటికీ చెబుతుంది," అన్నాడు. అమ్మ పెట్టెకి దిష్టి తీసి కొబ్బరికాయ కొట్టింది. నాన్నగారు మైకు ముందు నిలబడి నోరు తెరిచారు. తేనెతుట్టె కదిలినట్టు పెద్ద రొద. ఆ రొద అడుగున ఎక్కడో, గోతాంలో కట్టినట్టు, నాన్నగారు.

అక్కణ్ణుంచి మొదలైంది మా ఇంట్లో రిపేరు సంసారం. వీధిగది నిండా వాల్వులు, తీగలు, బ్యాటరీ ఆసిడ్ వాసన, సోల్డరింగు పొగ. ఆ పొగ సాంబ్రాణికి దగ్గరగా ఉండేది, అందుకని అమ్మ దాన్ని మాత్రం ఏమీ అనేది కాదు. బాబాయి మిల్లు నుంచి రాగానే భోజనమైనా చెయ్యకుండా పెట్టె విప్పేవాడు. రొద తగ్గాలంటే భూమికి తీగ వెయ్యాలన్నారు ఎవరో. ఎప్పుడూ తడిగా ఉండేది పెరట్లో అరటిపాదే కదా అని తీగ అక్కడికి లాగాడు, స్నానానికి వెళ్ళేవాళ్ళందరూ దానికి తట్టుకుని పడడమే. రొద తగ్గితే కూత మొదలైంది. నాన్నగారు మైకు దగ్గరగా జరిగితే రైలింజను కూత, వెనక్కి జరిగితే నిశ్శబ్దం. హరిదాసన్నవాడు ఒక్కచోట నిలబడడు కదండీ. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరుతలు, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. అలాంటాయన్ని బాబాయి సుద్దముక్కతో గీత గీసి, అందులో నిలబెట్టాడు. నాన్నగారు అలాగే నిలబడ్డారు. నాకు అది చూసి ఏడుపొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

దసరాకి అమ్మ ఆయుధపూజలో ఆ పెట్టెని కూడా కూర్చోబెట్టింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, భక్తి ఎక్కువై గుప్పెడు అక్షింతలు చల్లింది. పెట్టె పైన గాలికి చిల్లులుంటాయి. ఆ తరవాత పెట్టె వేడెక్కితే చాలు చిటపటలు, మాడిన వాసన. బాబాయి జుట్టు పీక్కున్నాడు. వాల్వులు మార్చాడు, తీగలు మార్చాడు, బాకాల లోపలికి చూస్తే కుమ్మరిపురుగు కట్టిన మట్టిగూడు దొరికింది, అదీ గీకాడు. చిటపటలు పోలేదు. చివరికి పెట్టె బోర్లించి కొడితే కిందపడ్డాయి, నల్లగా వేగిన అక్షింతలు. "వదినా! ఎవరైనా వాల్వులకి అక్షింతలు వేస్తారా వదినా!" అని నెత్తి కొట్టుకున్నాడు. "దేవుడి చల్లని చూపు లేకుండా మోగుతుందేంటి నాయనా?" అంది అమ్మ. ఆ రోజు నాన్నగారు నవ్వారు. నవ్వు మాత్రం పక్కవాళ్ళకి వినపడేది కాదు, భుజాలు కదిలేవంతే.

ఇలా సాగుతుండగా కొల్లేటి లంక ఒకటి నుంచి పిలుపు వచ్చింది. చేపలు పట్టుకుని బతికే ఊరు. అమ్మవారి సంబరానికి ఏటా నాన్నగారినే పిలిచేవారు. ఏటా వెళ్ళేవారు, పోయినేడు మాత్రం నలత అని తప్పించాం. మళ్ళీ తప్పిస్తే అర్థమైపోతుంది. ఆ సాయంత్రం నాన్నగారు బాబాయిని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. "చలపతీ, ఈ ఒక్కసారి చూద్దాం. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి నా మాట వినపడితే కథలు చెబుతాను. వినపడకపోతే గజ్జెలు విప్పేస్తాను. ఇంక నన్ను ఆ గీతలో నిలబెట్టకు," అన్నారు. బాబాయి తలవంచుకుని, "వినపడుతుంది అన్నయ్యా, వినిపిస్తాను," అన్నాడు.

మర్నాడే పెట్టె, బాకాలు తీసుకుని పాసింజరెక్కి గూడెం వెళ్ళాడు. అక్కడ రేడియోలు బాగుచేసే ఆయన ఒకాయన ఉండేవాడు, మహా కోపిష్టి. రెండు రోజులు బాబాయిని అరుగు మీద కూర్చోబెట్టి, పెట్టె వంక చూడకుండా పేపరు చదువుకున్నాడట. మూడోనాడు విప్పి చూసి, "ఏవండీ, ఇది మిలటరీవాళ్ళు మైళ్ళ కొద్దీ తీగ లాగి వాడుకున్న పెట్టండీ. మీ బాకాలేమో సినిమావాళ్ళవి. ఇది తోసే తోపు వేరు, అవి పట్టే పట్టు వేరు. ఎన్ని వాల్వులు మారిస్తే ఏం లాభం? మధ్యలో మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పడాలి," అన్నాడట. పక్కవాళ్ళని కూడా ఇష్టమొచ్చినట్టు తిట్టి, చివరికి తనే చుట్టి ఇచ్చాడు. అరచేతిలో పట్టే ఇనప ముక్క. ఏడాది పొడుగునా మా ఇల్లు పీకి పందిరేసింది అది లేకే!

బాబాయి వచ్చి బాకా ఒకటి పెరట్లో జామచెట్టుకి కట్టాడు. నాన్నగారు వీధిగదిలో పీట మీద కూర్చుని, ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చుని, మెల్లిగా ఒక పద్యం ఎత్తుకున్నారు. రొద లేదు, కూత లేదు. పెరట్లోంచి వచ్చింది గొంతు, కాలవ గట్టు నాటి గొంతు. నూతి దగ్గర అమ్మ చేద తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది, నిండిన చేద పైకి లాగడమే మరిచిపోయింది. ముందు వీధిలో మగ్గాలు ఆగాయి. తివాచీలు నేసే ముసలాయన గోడ మీంచి తొంగి చూసి, "దాసుగారికి తగ్గిందా అమ్మా?" అని అడిగాడు. అమ్మ తలూపింది. నేను పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం మా ఇంట్లో చూడలేదు. అంతటి సంతోషం తరవాత కూడా చూడలేదనుకోండి.

సంబరానికి పడవలో వెళ్ళాం. నాన్నగారికి కషాయం కాచి ఇవ్వడానికి మనిషి కావాలని నన్ను తీసుకెళ్ళారు, అమ్మకి ఉబ్బసం, కొల్లేటి గాలి పడదు. కాలవ దాటి సరస్సులోకి వచ్చాక ఎటు చూసినా నీళ్ళు, తుంగ, నాచు వాసన, ఎండుచేపల వాసన. బాబాయి పెట్టెని పాత తివాచీ ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు, చెమ్మ తగలకుండా. నాన్నగారు మధ్య మధ్య దాని మీద చెయ్యి వేసి చూసేవారు.

పొద్దు వాలుతుండగా కథ. పందిట్లో జనం అప్పటికే చాపలు పరుచుకుని కూర్చున్నారు. బాబాయి వెదురుగడలు పాతి, బాకాలు పందిరి వైపు తిప్పి కడుతున్నాడు. ఊరి పెద్దాయన వచ్చి చూసి, "అదేంటండీ బాబూ, అటు కట్టారు? ఇటు, నీళ్ళ వైపు తిప్పండి," అన్నాడు. నీళ్ళకి అవతల ఇంకో లంక. ఆ ఊరికీ ఈ ఊరికీ వలల దగ్గర పాత తగాదా. పోయినేడు ఆ ఊరివాళ్ళు నాటకం ఆడించి, బాకాలన్నీ ఇటు తిప్పి కట్టారట. "మూడు రోజులు మమ్మల్ని కూడు తిననివ్వలేదండీ ఆళ్ళు. ఈసారి మన వంతు. మైకు ఉన్న దాసుగారు వస్తున్నారని ఊరంతా చెప్పుకున్నాం," అన్నాడు. బాబాయి, "ఒకటి అటు, ఒకటి ఇటు కడతానండీ. ఇక్కడ కూర్చున్నవాళ్ళకి వినపడాలి కదండీ," అన్నాడు. దానికి ఆయన నవ్వేసి, "ఇక్కడోళ్ళకి మైకెందుకండీ? ఎదురుగా దాసుగారే ఉంటే!" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఎదురుగా దాసుగారుంటే మైకెందుకు? బాకా పందిరి వైపు తిరగాలంటే, దాసుగారికి గొంతు లేదని ఆ జనం మధ్యలో ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాలి. బాబాయి నాన్నగారి వంక చూశాడు. నేనూ చూశాను. నాన్నగారు మెడలో పూలదండ సర్దుకుంటున్నారు. "పెద్దాయన చెప్పినట్టే కట్టు చలపతీ," అన్నారు. ఇద్దరు కుర్రాళ్ళు గబగబా ఎక్కి బాకాలు రెండూ నీళ్ళ వైపు తిప్పి కట్టేశారు.

కథ మొదలైంది. నాన్నగారు చిరుతలు మోగించి, "శ్రీమద్రమారమణ గోవిందో" అన్నారు. జనం "హారి" అనాలి. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఆయన పెదవులు చూసి అన్నారు, వెనకవాళ్ళు అనలేదు. గొంతంతా మా నెత్తిమీంచి నీళ్ళ మీదికి పోతోంది. పందిట్లో మాకు చేరేది బాకాల వెనక నుంచి వచ్చే మూలుగు, గజ్జెల చప్పుడు. కాసేపు జనం మర్యాదకి కూర్చున్నారు. తరవాత ఆడవాళ్ళు మాటల్లో పడ్డారు, పిల్లలు పరుగులు మొదలెట్టారు, వెనక వరసలు ఒక్కొక్కటే లేచాయి. తల్లి కొడుకుని సాగనంపే ఘట్టం వచ్చింది. పూర్వం ఆ ఘట్టానికి మగవాళ్ళు కూడా కండువాలతో కళ్ళు తుడుచుకునేవారు. ఆ రోజు నాన్నగారి ఎదురుగా ఖాళీ చాపలు, వాటి మీద ఒక కుక్క. ఆయన ఒక్క పద్యం వదల్లేదు, ఒక్క మాట తగ్గించలేదు. మెల్లిగా ఒళ్ళు తిప్పి, నీళ్ళ వైపు ముఖం పెట్టి, ఆ ఘట్టమంతా అటే చెప్పారు. బాబాయి పెట్టె పక్కన కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ పెట్టె ఆ రోజు ఎంత బాగా పనిచేసిందో! ఒక్క కూత వెయ్యలేదు, ఒక్కసారి గురక పెట్టలేదు.

దీపాలు పెట్టేవేళకి మంగళం పాడారు. పెద్దాయన శాలువా కప్పి, "అదరగొట్టేశారండీ! ఎదురులంకోళ్ళు చచ్చినట్టు విని ఉంటారు!" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, ఆయనకి కావలసింది అదే. నాన్నగారు నమస్కారం పెట్టి, పందిరి గుంజకి ఆనుకుని కూర్చుని గజ్జెలు విప్పారు. విప్పి బాబాయి చేతిలో పెట్టారు. బాబాయి తీసుకోనని చేతులు వెనక్కి లాక్కుంటే, నా ఒళ్ళో పెట్టారు.

మర్నాడు పొద్దున్న పడవ ఎదురులంక పక్కగా వస్తోంది. గట్టు మీద ఒక పెద్దావిడ గిన్నెలు తోముతోంది. పడవలో బాకాలు చూసి లేచి నిలబడింది. "నిన్న కథ చెప్పిన దాసుగారు ఈ పడవలో ఉన్నారా అండీ? ఏం గొంతండీ బాబూ అది! కొడుకుని పంపించే చోట మా ఇంటిల్లిపాదీ ఏడ్చాం. ఆయన గోవిందో అన్నప్పుడల్లా మా ఊరంతా ఇక్కణ్ణుంచి హారి అన్నామండీ. తగాదా సంగతి ఎవరికీ గుర్తే లేదు. ఆయన్ని ఒక్కసారి చూపించండీ," అంది. నాన్నగారు లేచి నిలబడ్డారు. నేను ఆయన ముఖం అలా వెలగడం టైఫాయిడు తరవాత ఎప్పుడూ చూడలేదు. "నేనేనమ్మా," అన్నారు. ఆవిడ తడిచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏమన్నారండీ?" అంది. "నేనేనమ్మా, ఆ దాసుని నేనే." పడవకీ గట్టుకీ మధ్య పెద్ద దూరం కూడా లేదు. "వినపడలేదండీ, ఆ దాసుగారెక్కడ అంటున్నా," అంది ఆవిడ. బాబాయి అరిచి చెప్పబోయాడు. నాన్నగారు తమ్ముడి చెయ్యి పట్టుకుని, వద్దని తలూపి, కూర్చున్నారు. పడవవాడికి ఏం తెలుసు, గెడ వేస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ లంకలకి తారురోడ్లు, చుట్టూ చేపల చెరువులు. ఎవరి గొంతైనా ఫోనులో దాచుకోవచ్చు, దగ్గినా తుమ్మినా దాచుకుంటున్నారు. మా నాన్నగారి గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఉన్నదంతా ఆ సాయంత్రం ఆ నీళ్ళ మీద పోయింది. విన్నవాళ్ళకి ఆయనెవరో తెలీదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళు వినలేదు. అది తలుచుకుంటే ఎవరిని తిట్టాలో కూడా తెలియదు నాకు, అదే నా ఏడుపు.

మేం ఇల్లు చేరేసరికి అమ్మ వీధి గుమ్మంలో నిలబడి ఉంది. నాన్నగారు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. అమ్మ ఆయాసపడుతూనే బాబాయి భుజం పట్టుకుని కుదిపి, "చెప్పవేం చలపతీ? వినపడిందా? అందరికీ వినపడిందా?" అని అడిగింది. బాబాయి నా వంక చూశాడు. తరవాత నేల చూశాడు. "ఎదురులంక దాకా వినపడింది వదినా. అక్కడి ఆడవాళ్ళు కూడా ఏడ్చారు," అన్నాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకి ఆనుకుని, సంతోషంతో వెక్కి వెక్కి ఏడ్చింది. మళ్ళీ ఆయన ఎందుకు గజ్జె కట్టలేదో అమ్మకి ఎవరం చెప్పలేదు. అంత బాగా జరిగాక ఇంక చాలనుకున్నారు కాబోలు అని, పోయేదాకా అందరితోనూ గర్వంగా చెప్పుకునేది.